థాంక్స్‌గివింగ్ టర్కీ: నిండుగా కాల్చాలా, చీల్చి పరచాలా, నూనెలో దించాలా?

థాంక్స్‌గివింగ్ అమెరికాలో నవంబర్ చివర్లో వచ్చే పండగ, ఆ విందుకు టర్కీ అనే పెద్ద కోడిలాంటి పక్షిని వండుతారు. నవంబర్ రెండో వారం వచ్చేసరికి అమెరికాలోని తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక చర్చ మొదలవుతుంది: ఈసారి టర్కీ ఎవరింట్లో? పిల్లలు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఇది తప్పదు. "అందరిళ్ళలో చేస్తారు, మనింట్లో ఎందుకు చేయరు?" అని అడుగుతారు. సరేనని పద్నాలుగు పౌన్ల పక్షిని తెచ్చి, ఓవెన్లో నాలుగు గంటలు పెట్టి, బల్ల మీద పెడతాం. అందరూ ఫొటోలు తీసుకుంటారు, "చాలా బాగుందండీ" అంటారు. రెండో ముక్క మాత్రం ఎవరూ వేసుకోరు. పక్కనున్న బిర్యానీ గిన్నె ఖాళీ అవుతుంది.

దీనికి కారణం మసాలా లేకపోవడం అని మనవాళ్ళు అనుకుంటారు. అసలు చిక్కు వేడి దగ్గరుంది. టర్కీలో బ్రెస్ట్, లెగ్ రెండూ రెండు రకాల మాంసాలు. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పే సురక్షిత ఉష్ణోగ్రత అన్ని భాగాలకూ ఒకటే, 165 డిగ్రీల ఫారెన్‌హీట్. కానీ బ్రెస్ట్ 165 దాటి ఒక్కో డిగ్రీ పైకి వెళ్ళేకొద్దీ పీచుపీచుగా ఎండిపోతుంది. లెగ్ పీస్ అలా కాదు. 175, 180 దగ్గరికి వెళ్తే గానీ కీళ్ళ దగ్గర సాగే భాగం కరిగి మెత్తబడదు. ఒకే ఓవెన్లో, ఒకే సమయానికి, ఒకదానికి తక్కువ, ఇంకోదానికి ఎక్కువ వేడి తగిలేలా చూడాలి. కింద చెప్పే పద్ధతులన్నిటినీ నేను ఈ ఒక్క కొలతతోనే తూస్తాను.

నిండు పక్షి

అందరూ చేసేది ఇదే. 325 డిగ్రీల ఓవెన్లో, లోపల స్టఫింగ్ (బ్రెడ్ ముక్కలు, కూరగాయల మిశ్రమం) పెట్టకపోతే, 12 నుంచి 14 పౌన్ల టర్కీకి 3 గంటల నుంచి 3 గంటల 45 నిమిషాలు. చేతి పని తక్కువ. పాన్‌లోకి కారిన రసంతో గ్రేవీ చక్కగా వస్తుంది. బల్ల మీద చూడముచ్చటగా ఉంటుంది.

అయితే ఈ పద్ధతిలో బ్రెస్ట్ పైన, వేడి బాగా తగిలే చోట ఉంటుంది. తొడలు కింద, పాన్ గోడల నీడలో దాక్కుని ఉంటాయి. మనకు కావలసినదానికి సరిగ్గా తలకిందులు. తొడ ఉడికేదాకా ఆగితే బ్రెస్ట్ 180కి చేరిపోతుంది. లోపల స్టఫింగ్ కూడా కూరితే ఇంకా కష్టం. పచ్చి మాంసం రసం అందులోకి దిగుతుంది కాబట్టి ఆ స్టఫింగ్ నడిమధ్య కూడా 165కి రావాలి. అది వచ్చేసరికి మాంసం పని అయిపోతుంది. స్టఫింగ్ కావాలంటే వేరే గిన్నెలో చేసుకోవడమే మేలు. పైన కరకరలాడుతుంది కూడా.

అరగంటకోసారి తలుపు తీసి పైన రసం పోయమని చాలామంది చెబుతారు. పోసిన రసం చర్మం మీంచి జారి కిందికే పోతుంది. తలుపు తీసిన ప్రతిసారీ ఓవెన్ చల్లారుతుంది, చర్మం మెత్తబడుతుంది. ఆ శ్రమ మానేయొచ్చు. ఇంకో ఇబ్బంది, ఓవెన్ నాలుగు గంటలు వేరే దేనికీ దొరకదు. ఇంటికి పదిహేను మంది వస్తున్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

చీల్చి పరిచిన పక్షి

దీన్ని ఇక్కడ స్పాచ్‌కాక్ అంటారు. టర్కీని బోర్లా పెట్టి, తోక దగ్గర మొదలుపెట్టి వెన్నెముకకు రెండు పక్కలా గట్టి కిచెన్ కత్తెరతో మెడ దాకా కత్తిరించి, ఆ ఎముకను తీసేయాలి. తొడ కీలు దగ్గర కత్తెర మొరాయిస్తుంది. అక్కడ ఎముకను కోయాలని చూడకుండా కాస్త పక్కకు జరిపితే కీలు సందులోంచి తెగుతుంది. తర్వాత పక్షిని వెల్లకిలా తిప్పి, రెండు చేతులూ బ్రెస్ట్ మధ్యలో పెట్టి, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. టక్కుమని చప్పుడు వస్తుంది. పుస్తకం తెరిచినట్టు పక్షి పరుచుకుంటుంది.

ఇప్పుడు తొడలు అంచులకు వచ్చాయి, వేడి నేరుగా తగులుతుంది. మందంగా ఉన్న బ్రెస్ట్ మధ్యలో ఉంది, నిదానంగా ఉడుకుతుంది. బ్రెస్ట్ 165కి వచ్చే వేళకి తొడ 175 దాటుతుంది. మొదట చెప్పిన చిక్కు చాలావరకు ఇక్కడే తీరిపోయింది. సమయం కూడా కలిసొస్తుంది. 425 నుంచి 450 డిగ్రీల్లో 12 నుంచి 14 పౌన్ల పక్షి దాదాపు గంటన్నరలో అయిపోతుంది. చర్మం అంతా పైనే ఉంటుంది కాబట్టి అంతా కరకరలాడుతుంది. తీసేసిన వెన్నెముకను, లోపల సంచీలో వచ్చే మెడనూ ఉల్లిపాయ, మిరియాలతో కలిపి పొయ్యి మీద మరిగిస్తే, టర్కీ ఓవెన్లో ఉండగానే గ్రేవీకి రసం తయారు. లివర్ మాత్రం అందులో వేయకండి, చేదు వస్తుంది. దాన్ని విడిగా మిరియాల వేపుడు చేసుకుంటే వంట చేసినవాళ్ళకు బహుమతి.

లోపాలు లేవని కాదు. 450లో కొవ్వు ఖాళీ పాన్ మీద పడితే పొగ లేస్తుంది, అపార్ట్‌మెంట్లో స్మోక్ అలారం మోగుతుంది. ర్యాక్ కింద ఉల్లిపాయలు, క్యారెట్లు పరిచి కాసిని నీళ్ళు పోస్తే ఈ గొడవ ఉండదు. నేనైతే 425తో సరిపెడతాను. మామూలు షీట్ పాన్ 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు ఉంటుంది, అందులో 14 పౌన్లు దాటితే పట్టదు. ఎక్కువమంది వస్తుంటే ఒక పెద్దదానికి బదులు రెండు చిన్నవి తీసుకోవడం మంచిది. కత్తెరతో కుస్తీ పట్టలేమంటే మాంసం కౌంటర్లో వెన్నెముక తీసిపెట్టమని అడగొచ్చు. హలాల్ షాపులో అయితే ఏం కావాలో విడమరిచి చెప్పండి. అలవాటు కొద్దీ "కర్రీ కట్" అన్నారంటే ఇక పండగ కూరతోనే.

బల్ల మీద అందం మాత్రం తగ్గుతుంది, ఒప్పుకోవాలి. వంటింట్లోనే ముక్కలు కోసి పెద్ద పళ్ళెంలో సర్దితే ఆ తేడా ఎవరికీ తెలియదు.

నూనెలో దించిన పక్షి

రుచి ఒక్కటే చూస్తే దీనికే నా ఓటు. 350 డిగ్రీల వేరుశనగ నూనెలో పౌనుకి మూడు నుంచి నాలుగు నిమిషాలు. అంటే 12 పౌన్ల టర్కీ ముప్పావు గంటలో బయటికొస్తుంది. చర్మం అప్పడంలా విరుగుతుంది, బ్రెస్ట్ కూడా ఎండదు. వేరుశనగ నూనె మనకు కొత్త కాదు. వచ్చేవాళ్ళలో పల్లీ ఎలర్జీ ఉన్న పిల్లలున్నారా అని మాత్రం ముందే అడిగి తెలుసుకోవాలి.

అయినా చాలా ఇళ్ళకు ఇది వద్దంటాను. కొద్దిగా గడ్డకట్టి ఉన్నా, లోపల నీళ్ళు మిగిలినా, ఆ నీరు ఒక్కసారిగా ఆవిరై నూనె పొంగుతుంది. పొంగిన నూనె కింద మంట మీద పడుతుంది. అమెరికా జాతీయ అగ్నిమాపక సంఘం ఈ ఫ్రయ్యర్లను వాడొద్దనే చెబుతుంది. ఇళ్ళలో వంట వల్ల నిప్పంటుకునే ఘటనలు ఏడాది మొత్తంలో ఎక్కువగా జరిగేది థాంక్స్‌గివింగ్ రోజునే. అపార్ట్‌మెంట్ బాల్కనీలో, గరాజ్‌లో, చెక్క డెక్ మీద ఈ పని అసలు తలపెట్టకూడదు. ఇంటికి దూరంగా ఖాళీ నేల, పిల్లల్ని దగ్గరికి రానివ్వకుండా కాపలాగా ఒక మనిషి, పూర్తిగా కరిగి తుడిచి ఆరబెట్టిన పక్షి, ఇవన్నీ ఉంటేనే ఆలోచించాలి. నూనె ఎంత పోయాలో ముందు నీళ్ళతో కొలుచుకోవాలి: ఖాళీ గిన్నెలో పక్షిని పెట్టి మునిగేదాకా నీళ్ళు పోసి, పక్షిని బయటికి తీసి, నీళ్ళు ఎక్కడున్నాయో గుర్తుపెట్టుకోవాలి. తర్వాత గిన్నె పూర్తిగా ఆరాలి. గ్రేవీకి రసం రాదు. మిగిలిన మూడు గ్యాలన్ల నూనెను ఏం చేయాలన్నది ఇంకో తలనొప్పి.

బ్రెస్ట్ మాత్రమే

దీన్ని చిన్నచూపు చూస్తారు గానీ, మన లెక్కలకు బాగా కుదిరే దారి. 1941 చట్టం ప్రకారం థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, అంటే 22 నుంచి 28 మధ్య ఎప్పుడైనా పడుతుంది. మన కార్తీకమాసం దీపావళి మర్నాడు మొదలవుతుంది. కొన్నేళ్ళు రెండూ కలుస్తాయి. 2024లో 28వ తేదీన వచ్చిన థాంక్స్‌గివింగ్ కార్తీకంలోనే పడింది. అలాంటి ఏడాది పిలిచిన పదిమందిలో ఐదుగురు మాంసం ముట్టరు. ఇద్దరు వంకాయ దగ్గరే ఆగిపోతారు. ముగ్గురి కోసం 14 పౌన్ల పక్షి ఎందుకు? నాలుగు నుంచి ఆరు పౌన్ల ఎముకతో ఉన్న బ్రెస్ట్ 325లో గంటన్నర నుంచి రెండుంబావు గంటల్లో అవుతుంది. ఒకే రకం మాంసం కాబట్టి 165 దగ్గర ఆపేస్తే చాలు, ఇంకే తకరారూ లేదు. లెగ్ పీస్ కోసం కొట్టుకునే పిల్లలుంటే మాత్రం ఇది నడవదు.

సూపర్‌మార్కెట్లో వండి, చల్లార్చి అమ్మేది తెచ్చుకుంటే దాన్ని మళ్ళీ ఓవెన్లో వేడిచేయాలి. ఒకసారి ఉడికినదాన్ని ఇంకోసారి ఉడికించడమే అది. కొన్ని ఇండియన్ రెస్టారెంట్లు ఆర్డర్ మీద తందూరీ టర్కీ చేసిస్తాయి. వంట టెన్షన్ వద్దనుకునేవాళ్ళకు అది నయం.

ఉప్పునీళ్ళా, పొడి ఉప్పా?

ఏ పద్ధతి ఎంచుకున్నా ముందురోజు ఉప్పు పట్టించాలి. ఉప్పునీళ్ళలో నానబెట్టాలంటే గ్యాలన్‌కి కప్పు కోషర్ ఉప్పు (గరుకు పలుకుల ఉప్పు), పక్షి మునిగేంత పెద్ద బకెట్, ఆ బకెట్ పట్టే ఫ్రిజ్ కావాలి. పండగ ముందురోజు మన ఫ్రిజ్‌లో పాయసం గిన్నె పెట్టడానికే చోటుండదు. పైగా మాంసం నీళ్ళు పీలుస్తుంది, రుచి పలచబడుతుంది, చర్మం తడిసి కరకరలాడదు. పొడి ఉప్పైతే ఐదు పౌన్లకు ఒక టేబుల్ స్పూన్ కోషర్ ఉప్పు లెక్కన అంతటా రుద్ది, ట్రేలో పెట్టి, మూత లేకుండా రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే సరి. ఉప్పు ముందు నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటిలోనే కరిగి మళ్ళీ లోపలికి ఇంకుతుంది. ఈలోగా చర్మం ఆరుతుంది. నా మటుకు పొడి ఉప్పుకు పోటీ లేదు.

ఒక జాగ్రత్త. చాలా ఫ్రోజెన్ టర్కీల్లో కంపెనీలే ఉప్పు ద్రావణం ఎక్కించి అమ్ముతాయి, లేబుల్ మీద శాతంతో సహా రాసి ఉంటుంది. యూదుల ఆచారం ప్రకారం తయారుచేసిన కోషర్ టర్కీలకూ ముందే ఉప్పు పట్టించి ఉంటుంది. వాటికి మళ్ళీ పూర్తి కొలత వేస్తే నోట్లో పెట్టుకోలేం.

మరి మన పెరుగు, కారం, అల్లంవెల్లుల్లి? 450 డిగ్రీల్లో పైన పూసిన కారం మాడి నల్లబడుతుంది, పెరుగు చర్మాన్ని తడిగా ఉంచుతుంది. మసాలా వేయాలనిపిస్తే వెన్నలో కలిపి, చర్మానికీ మాంసానికీ మధ్య వేళ్ళు దూర్చి, లోపల పూయండి. పైన ఉప్పు, కాస్త నూనె చాలు. కారం సంగతి గ్రేవీ చూసుకుంటుంది. అందులో మిరియాలు, రెండు రెబ్బల కరివేపాకు వేస్తే అత్తయ్యలు, మావయ్యలు కూడా వద్దనరు. క్రాన్‌బెర్రీలను చక్కెరతో సాస్ చేసే బదులు ఎండుమిర్చి పోపుతో పచ్చడి చేస్తే గోంగూర లేని లోటు తెలియదు.

కోడిని పసుపూ ఉప్పూ వేసి కడిగే అలవాటు కూడా ఇక్కడ పక్కన పెట్టాలి. అంత పెద్ద పక్షిని సింకులో కడిగితే ఆ నీళ్ళు పక్కనున్న సలాడ్ ఆకుల మీద కూడా చిందుతాయి. క్రిములు చావాల్సింది ఓవెన్లో. పేపర్ టవల్‌తో అద్దితే చాలు.

ఇక కరిగించడం. ఫ్రిజ్‌లో ప్రతి నాలుగైదు పౌన్లకు ఒక రోజు పడుతుంది. 14 పౌన్ల టర్కీకి బుధవారం ఉప్పు రుద్దాలంటే శనివారం రాత్రికో, ఆదివారం పొద్దున్నకో ఫ్రీజర్లోంచి ఫ్రిజ్‌లోకి మారాలి. మర్చిపోతే చన్నీళ్ళలో పౌనుకి అరగంట, అరగంటకోసారి నీళ్ళు మార్చాలి. అంటే ఏడు గంటల కాపలా, ఆ వెంటనే వండేయాలి. కౌంటర్ మీద రాత్రంతా వదిలేయడం మాత్రం కుదరదు. ఇలాంటి కంగారు పడేవాళ్ళ కోసమే టర్కీలు అమ్మే బటర్‌బాల్ కంపెనీ 1981 నుంచి ఒక ఫోన్ లైన్ నడుపుతోందంటే, ఇది మనవాళ్ళకు మాత్రమే వచ్చే కష్టం కాదన్నమాట.

థర్మామీటర్ లేకుండా ఇందులో ఏదీ మొదలుపెట్టకండి. ఉడికిందని పైకి లేచి చెప్పడానికి పక్షికి గుచ్చి వచ్చే ప్లాస్టిక్ పుల్లను నమ్మలేం. చాలాసార్లు అది లేచేసరికే బ్రెస్ట్ ఎండిపోయి ఉంటుంది. తొడ మందంగా ఉన్నచోట, ఎముకకు తగలకుండా గుచ్చి చూడాలి. బ్రెస్ట్ విడిగా చూడాలి. బయటికి తీశాక ఇరవై, ముప్పై నిమిషాలు ముట్టుకోకూడదు. ఖాళీ అయిన ఓవెన్లో ఆ సమయానికి స్టఫింగ్, ఆలుగడ్డలు వేడెక్కుతాయి.

తిన్నాక కబుర్లలో పడి పళ్ళెం బల్ల మీదే వదిలేస్తారు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్ళాలి, మూడు నాలుగు రోజుల్లో తినేయాలి. మిగిలిన లెగ్ మాంసం వేపుడుకి బాగుంటుంది, ఇంకాసేపు వేగినా పాడవదు. బ్రెస్ట్‌ని మాత్రం శుక్రవారం బిర్యానీలో దమ్ముకి పెట్టకండి. పీచుల్లా తీసి, అన్నం దించే ముందు కలిపి మూత పెడితే చాలు.