బియ్యం మిల్లు మావయ్యతో సాకే ఊళ్ళు: యుజావా నుంచి సైజో దాకా

మా మావయ్య మందు ముట్టడు. తణుకు దగ్గర ముప్పై ఏళ్ళు బియ్యం మిల్లు నడిపిన మనిషి. ఆయన్ని సాకే ఊళ్ళు చూడ్డానికి జపాన్ తీసుకెళ్తున్నానంటే ఇంట్లో అందరూ వింతగా చూశారు. సాకే అంటే జపాన్ వాళ్ళ బియ్యం మందు, మొదటి నుంచి చివరి దాకా బియ్యం కథే కదా, ఆ బియ్యం గురించి నాకన్నా ఆయనకే ఎక్కువ తెలుసు. అందుకే ఫిబ్రవరిలో ఎనిమిది రోజులు ఇద్దరం కలిసి తిరిగాం. నేను సాకే రుచి చూశాను, ఆయన ప్రతి ఊళ్ళో నీళ్ళు రుచి చూశాడు. తిరిగొచ్చాక చూసుకుంటే ఆ ఊళ్ళ తేడా నాకన్నా ఆయనకే ముందు తెలిసిందనిపించింది.

సాకే సారాలా కాచేది కాదు, కల్లులా పులిసేది. కల్లుకి తీపి చెట్టు నుంచే వస్తుంది. బియ్యంలో ఆ తీపి ఉండదు. అందుకని ఆవిరి మీద ఉడికించిన బియ్యం మీద కోజి అనే బూజును పెంచుతారు. ఆ బూజు పిండిని చక్కెరగా మారుస్తుంటే, అదే తొట్టిలో, అదే సమయంలో ఈస్ట్ ఆ చక్కెరను ఆల్కహాల్‌గా మారుస్తుంది. ఇలా నెల రోజులు చల్లగా, నెమ్మదిగా పులియనిస్తారు. సీసాలోకొచ్చేసరికి ఆల్కహాల్ 15, 16 శాతం ఉంటుంది. కోజితో సాకే చేసే ఈ విద్యకి 2024 డిసెంబర్‌లో యునెస్కో గుర్తింపు వచ్చింది.

ఫిబ్రవరిలోనే ఎందుకంటే, మంచి సాకే చలికాలంలోనే చేస్తారు. చలికి చెడు సూక్ష్మజీవులు పెరగవు, పులియడం కూడా నిదానిస్తుంది. పూర్వం మంచు ప్రాంతాల రైతులకి చలికాలంలో పొలం పని ఉండేది కాదు. ముఠాలుగా బయల్దేరి సాకే పనికి వెళ్ళేవాళ్ళు. ఆ ముఠా పెద్దని తోజి అంటారు. నాన్బు, ఎచిగో, తన్బా ప్రాంతాల తోజిలకి దేశమంతా పేరు. ఇది చెప్పగానే మావయ్య, "సార్వా కోతలయ్యాక మన మిల్లుకి జనం వచ్చినట్టే" అన్నాడు.

టోక్యోలో దిగి ముందు నీగాతా జిల్లాలోని ఎచిగో-యుజావాకి వెళ్ళాం. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో గంటా ఇరవై నిమిషాలు. స్టేషన్‌లోనే పోన్షుకాన్ అని సాకే రుచి చూసే చోటు ఉంది. 500 యెన్లు కడితే ఐదు టోకెన్లు, ఒక చిన్న కప్పు ఇస్తారు. గోడ నిండా మెషీన్లు, నీగాతాలోని సాకే కేంద్రాలన్నిటి సరుకూ అక్కడే దొరుకుతుంది. నీగాతా సాకే పల్చగా, తీపి లేకుండా, గొంతులో శుభ్రంగా దిగిపోతుంది. పక్కనే రకరకాల ఉప్పులు పెట్టి ఉంటే మావయ్య వాటిని ఒక్కొక్కటే నాలిక మీద వేసుకుని చూశాడు. రైలు మారే వాళ్ళకి గంటసేపు బాగా గడిచే చోటు. దానికోసమే ప్రత్యేకంగా వెళ్ళక్కర్లేదు. అక్కడ సీసా ఉంది, ఊరు లేదు.

క్యోటోలో రెండు రాత్రులు సంప్రదాయ పద్ధతి సత్రంలో దిగాం. గది, పరుపులు, వేడినీళ్ళ తొట్టి అన్నీ చక్కగా ఉన్నాయి. భోజనం దగ్గర మాత్రం మనసు నొచ్చుకుంది. మావయ్య శాకాహారి అని బుక్ చేసేటప్పుడే రాశాను, దిగగానే మళ్ళీ చెప్పాను. చేప ముక్కలు పెట్టలేదు గానీ పులుసు మాత్రం ఎండు చేప కాచిన రసంతో చేశారు. అడిగితే "అందులో చేప లేదు" అన్నారు. వాళ్ళకి అది చేప కింద లెక్క కాదు, మనకి లెక్కే. ఆయన పెరుగు లేని ఉత్త అన్నం, పచ్చడి తిని పడుకున్నాడు. మనవాళ్ళెవరైనా వెళ్తే "మాంసం వద్దు, చేప వద్దు" అంటే సరిపోదు, "చేప రసం కూడా వద్దు" అని జపనీస్‌లో రాసిన కాగితం దగ్గరుంచుకోండి. మర్నాటి నుంచి మేము అదే చేశాం, మళ్ళీ ఇబ్బంది రాలేదు.

క్యోటోకి దక్షిణాన ఫుషిమి. కేహాన్ రైల్లో చుషోజిమా స్టేషన్‌లో దిగితే నడక దూరంలోనే అన్నీ. గెక్కేకాన్ కంపెనీ 1637లో ఇక్కడే మొదలైంది. 1909లో కట్టిన పాత సాకే భవనాన్నే మ్యూజియం చేశారు. టికెట్ ఉంది, టికెట్‌తో పాటు రుచి చూసే అవకాశమూ ఉంది. పాత చెక్క తొట్లు, బుంగలు చక్కగా అమర్చారు. అయితే బస్సుల్లో వచ్చే జనంతో మధ్యాహ్నం ఊపిరాడదు, పొద్దున్నే వెళ్ళాలి. కాలవలో తిరిగే పడవలు చలికాలంలో నడవవు, అది చూసుకోకుండా వెళ్తే నిరాశే.

నాకు ఫుషిమిలో మ్యూజియం కన్నా గోకోనోమియా గుడి ఎక్కువ నచ్చింది. గుడి ఆవరణలో సువాసనగల నీళ్ళు ఉబికాయని, వాటిని తాగినవాళ్ళ జబ్బులు నయమయ్యాయని పాత కథ. ఇప్పటికీ ఊరివాళ్ళు క్యాన్లు పట్టుకొచ్చి ఆ నీళ్ళు పట్టుకెళ్తారు. మేము వెళ్ళేసరికి ఒక పెద్దావిడ తన సీసాలు నింపడం ఆపి, మావయ్యకి చేత్తో దారి చూపించింది. ఆయన దోసిలి పట్టి తాగి కాసేపు మాట్లాడలేదు. "మెత్తగా ఉన్నాయిరా. మన గోదారి నీళ్ళు కుండలో తేర్చినట్టు" అన్నాడు. ఆ సాయంత్రం నేను తాగిన ఫుషిమి సాకేకి నాకు దొరికిన మాట కూడా అదే, మెత్తగా. కోబే దగ్గరి నాడ సాకేని మగ సాకే, ఫుషిమి సాకేని ఆడ సాకే అని జపాన్‌లో పాత వాడుక ఉంది. నాకా పోలిక నచ్చలేదు. మావయ్య మాటే సరిగ్గా ఉంది.

నాడ అంటే కోబే, నిషినోమియా నగరాల సముద్రతీరం. ఐదు పాత ఊళ్ళు కలిసిన ప్రాంతం, సాకే ఎక్కువగా తయారయ్యేది ఇక్కడే. ఈ నీళ్ళ కథ చెప్పి తీరాలి. 1840 ప్రాంతంలో యమమురా తజాఎమోన్ అనే వ్యాపారికి రెండు చోట్ల సాకే కేంద్రాలుండేవి. ఒకటి ఉఒజాకిలో, ఒకటి నిషినోమియాలో. ఎప్పుడు చేసినా నిషినోమియా సాకేనే బాగుండేది. బియ్యం ఒకటే వాడి చూశాడు, పనివాళ్ళని అటూ ఇటూ మార్చి చూశాడు, తేడా పోలేదు. చివరికి నిషినోమియా బావి నీళ్ళు ఉఒజాకికి మోయించి చేయిస్తే అక్కడా అంత మంచి సాకే వచ్చింది. ఆ నీళ్ళకే మియామిజు అని పేరు. పొటాషియం, ఫాస్ఫేట్ ఎక్కువ, ఇనుము దాదాపు ఉండదు. ఈస్ట్‌కి ఆ ఖనిజాలే తిండి కాబట్టి బలంగా పులుస్తుంది, సాకే ఘాటుగా, గట్టిగా వస్తుంది. ఇనుముంటే రంగూ రుచీ రెండూ పాడవుతాయి. తర్వాత నాడలో ఆ నీళ్ళు అమ్ముకుని బతికిన వాళ్ళు కూడా ఉన్నారు.

నాడలోని హకుత్సురు కంపెనీ సాకే మ్యూజియం చూడ్డానికి డబ్బులక్కర్లేదు. నిలువెత్తు బొమ్మలతో ఒక్కో పనీ చూపిస్తారు. పిల్లలతో వెళ్ళేవాళ్ళకి ఇదే మంచిది. మాకు మనసులో నిలిచింది కికుమసమునె అనే ఇంకో సాకే కంపెనీ మ్యూజియం. 1995 జనవరి భూకంపంలో వాళ్ళ పాత మ్యూజియం నేలమట్టమైంది. శిథిలాల కిందనుంచి పాత పనిముట్లు ఒక్కొక్కటే తీసి, 1999లో మళ్ళీ తెరిచారు. అక్కడి తొట్లనీ కొయ్యల్నీ చూస్తుంటే ఆ సంగతే గుర్తొస్తూ ఉంది. పాతకాలంలో బియ్యం, కోజి కలిపి కొయ్యలతో నూరేటప్పుడు పనివాళ్ళు పాటలు పాడేవారు. ఎంతసేపు నూరాలన్నది పాటని బట్టే లెక్క. మావయ్య ఆ రికార్డు రెండుసార్లు విన్నాడు. ఊడ్పుల పాటలు ఇప్పుడెవరూ పాడట్లేదని బాధపడ్డాడు. ఇక్కడ దేవదారు పీపాల్లో ఉంచిన సాకే రుచి చూడండి, చెక్క వాసన ముక్కు దాకా వస్తుంది. నాకు కొంచెం ఎక్కువనిపించింది, గోరువెచ్చగా తాగితే బాగుంది.

ఇక సైజో. నా మాట నమ్మి ఒక్క ఊరికే వెళ్తామంటే ఇక్కడికి వెళ్ళండి. హిరోషిమా నుంచి లోకల్ రైల్లో నలభై నిమిషాల లోపే. హిగాషి-హిరోషిమా అని షింకన్‌సెన్ స్టేషన్ వేరే ఉంది. అది ఊరికి దూరం, పైగా ఎక్కువగా ఆగేది ప్రతి స్టేషన్‌లోనూ ఆగే కొదామా రైళ్ళే. సైజో స్టేషన్ దాటగానే ఎర్ర ఇటుక పొగ గొట్టాలు, తెల్ల గోడలు, ఎర్ర పెంకుల ఇళ్ళు. నడిచేంత దూరంలో ఏడు సాకే కేంద్రాలు. ఒక్కోదాని ముందు బావి, ఎవరైనా తాగొచ్చు, సీసాలో పట్టుకోవచ్చు. గుమ్మం మీద దేవదారు ఆకుల బంతి వేలాడుతుంటుంది. కొత్త సాకే వచ్చినప్పుడు పచ్చది కడతారు, అది ఎండి గోధుమరంగు తిరిగే కొద్దీ లోపల సాకే కూడా ముదురుతోందని లెక్క. మేము వెళ్ళినప్పుడు అన్నీ పచ్చగానే ఉన్నాయి.

స్టేషన్ నుంచి నడుస్తూ మావయ్య ఒక్కసారిగా ఆగిపోయాడు. ఎదురుగా సటాకే అని బోర్డు.

"ఏరా, ఇది మన సటాకేయేనా?"

"అదే మావయ్యా. కంపెనీ పుట్టిందే ఇక్కడ."

గోదావరి జిల్లాల్లో రైస్ మిల్లర్లకి సటాకే పేరు చెప్పక్కర్లేదు. ఆయన మిల్లులో బియ్యం రంగు చూసి రాళ్ళు, నల్ల గింజలు ఏరేసే మెషీన్ వాళ్ళదే. 1896లో సటాకే రీఇచి జపాన్‌లో మొట్టమొదటి యంత్రశక్తి బియ్యం మిల్లు తయారుచేసింది ఈ ఊళ్ళోనే. మావయ్య ఆ బోర్డు ముందు నిలబడి ఫోటో తీయించుకుని, తణుకులో తన పాత ఫిట్టర్‌కి అప్పటికప్పుడే పంపించాడు.

ఆ మిల్లుతో పాటు ఈ ప్రాంతానికి నీళ్ళ కథ కూడా ఒకటుంది. సైజో ప్రాంతం నీళ్ళు మెత్తన, ఖనిజాలు తక్కువ. నాడ పద్ధతిలో చేస్తే సాకే సరిగా పులిసేది కాదు. దగ్గర్లోని అకిత్సు ఊరికి చెందిన మియురా సెన్‌జబురో ఏళ్ళ తరబడి ప్రయత్నించి, కోజిని లోతుగా పట్టించి, తక్కువ వేడిలో ఎక్కువ రోజులు పులియబెట్టే పద్ధతి కనిపెట్టాడు. 1898లో దాన్ని పుస్తకంగా అచ్చువేసి అందరికీ ఇచ్చేశాడు. తనకి తెలిసిన కిటుకు దాచుకోకుండా పోటీదార్లకి కూడా చెప్పిన మనిషంటే నాకు చాలా గౌరవం కలిగింది.

ఊరికి కాస్త అవతల ఒక చిన్న సాకే కేంద్రంలో లోపలికి రానిస్తామన్నారు. ముందే అడిగి రాయించుకోవాలి. ఆ రోజు పొద్దున నాట్టో తినొద్దని కూడా చెప్పారు. నాట్టో సోయా గింజల్ని పులియబెట్టిన తిండి, దానిలోని బ్యాక్టీరియా కోజి గదిలో చేరితే సరుకు మొత్తం పాడవుతుంది. చేతులు కడిగించి, టోపీలు పెట్టించి తీసుకెళ్ళారు. పెద్ద పాత్ర మీద బియ్యం ఉడుకుతుంటే గది నిండా ఆవిరి. తోజి ఒక పిడికెడు అన్నం తీసి, అరచేతుల మధ్య ఒత్తి ఒత్తి, చిన్న అప్పచ్చిలా చేసి వెలుతురుకి పెట్టి చూశాడు. మనకి అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. ఈయనకి మెతుకు పైన బిరుసుగా, లోపల మెత్తగా ఉండాలి. అలా ఉంటేనే బూజు లోపలికి పాకుతుందట. ఆ అప్పచ్చి మావయ్య చేతిలో పెట్టాడు. ఆయన విరిచి వాసన చూశాడు, కొసరు నమిలాడు, తలాడించాడు. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు.

తర్వాత గాజు సీసాల్లో తోమిన బియ్యం చూపించారు. దైగింజో రకానికి ముడి బియ్యంలో సగమన్నా తోమి పారేయాలి. ఆ సీసాలోని గింజలు గుండ్రంగా, సగ్గుబియ్యంలా ఉన్నాయి. పై పొరల్లోని కొవ్వు, మాంసకృత్తులు రుచిని మొరటు చేస్తాయని అంత తోముతారు. మావయ్య అడిగింది ఒకటే ప్రశ్న.

"ఇంత తోమితే నూకైపోదా?"

అందుకే రెండు రోజులకి పైగా నెమ్మదిగా తోముతామన్నారు, తెల్లటి పిండి అప్పడాల్లాంటి చిరుతిళ్ళకి వెళ్తుందన్నారు. ఒక్క గింజ వెలుతురుకి పెట్టి, నడుమ తెల్లని బొట్టు చూపించారు. యమదానిషికి లాంటి సాకే బియ్యానికి ఆ తెలుపే అందం, కోజి అక్కడే పట్టుకుంటుంది. మన దగ్గర అదే తెల్లబొట్టు ఉంటే ధర కోస్తారు. "మేము తప్పు అని తీసేసేది వీళ్ళకి బంగారం" అంటూ ఆయన ఆ గింజని చాలాసేపు వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు.

మధ్యాహ్నం కమోత్సురు అనే సాకే కంపెనీ దుకాణంలో కూర్చున్నాం. 2014లో ఒబామా టోక్యో వచ్చినప్పుడు ప్రధాని అబే పోసింది వీళ్ళ సాకేయే. లోపల పువ్వు ఆకారపు బంగారు రేకు తేలుతుంది. చూడ్డానికి బాగుంది గానీ నాకు నచ్చింది దాని పక్కన పెట్టిన మామూలు జున్‌మాయ్, అంటే బియ్యం, నీళ్ళు, కోజితోనే చేసి, విడిగా ఆల్కహాల్ కలపనిది. వేడి చేసి ఇవ్వమంటే చిన్న కూజాలో ఇచ్చారు. మొదటి గుక్కలో అన్నం గంజి వాసన, తర్వాత సన్నటి పులుపు, చివర ఏమీ మిగలదు. మావయ్య అమజాకె అనే తీపి బియ్యం పానీయం తాగాడు. కోజితో చేసింది అడిగితేనే ఆల్కహాల్ ఉండదు, సాకే పిండాక మిగిలిన పిప్పితో చేసిన దానిలో కొద్దిగా ఉంటుంది.

సైజోలో స్టేషన్ దగ్గర మామూలు బిజినెస్ హోటల్లో ఉన్నాం. మంచం, బాత్రూమ్, అంతే. ధర క్యోటో సత్రంలో సగం కూడా లేదు. పొద్దున రిసెప్షన్ అమ్మాయి మావయ్య కాగితం చదివి, టిఫిన్‌లో ఏవేవి తినొచ్చో వేలుపెట్టి చూపించింది. ఊళ్ళో సాయంత్రం ఐదుకే దుకాణాలు మూసేస్తారు కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాలి. అక్టోబర్‌లో సాకే పండగ జరుగుతుంది, అప్పుడు గదులు దొరకడం చాలా కష్టం.

తిరుగు ప్రయాణంలో 720 మి.లీ. సాకే సీసాలు రెండింటిని చొక్కాల్లో చుట్టి పెద్ద పెట్టెలో పెట్టాను. ఒక్కొక్కరికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు. మావయ్య మాత్రం చివరి బావి దగ్గర లీటరు సీసా నిండా నీళ్ళు పట్టి, ఒళ్ళో పెట్టుకుని రైలెక్కాడు. విమానంలోకి పంపరని చెప్పాను. కాన్సాయ్ ఎయిర్‌పోర్ట్‌లో సెక్యూరిటీ వరస ముందు పక్కకి జరిగి, మిగిలిన నాలుగు గుక్కలూ నిదానంగా తాగేసి, ఖాళీ సీసాకి మూత పెట్టి సంచిలో వేసుకున్నాడు.