మోకాలి టెండన్ నొప్పికి ఇంజెక్షన్లు: కొన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం

మోకాలి చిప్పను కింది కాలి ఎముకతో కలిపే, తాడులాంటి గట్టి పట్టీ అయిన టెండన్‌లో నాకు నొప్పి మొదలై ఏళ్లు గడిచాయి. మెట్లు దిగాలన్నా, చాలాసేపు కూర్చుని లేవాలన్నా చిప్ప కింద ఒకేచోట పొడిచినట్టు ఉండేది. స్టెరాయిడ్, పీఆర్‌పీ (మన రక్తంలోని ప్లేట్‌లెట్లతో చేసేది) రెండు ఇంజెక్షన్లూ చేయించుకున్నాను.

స్టెరాయిడ్ చాలా త్వరగా పనిచేసింది. వారం తిరక్కుండానే హాయిగా నడిచాను. కొన్ని నెలలకు నొప్పి తిరిగొచ్చింది, ఈసారి ఇంకా మొండిగా. స్టెరాయిడ్ ప్రధానంగా వాపును తగ్గించే మందు. ఏళ్ల తరబడి ఉండే టెండన్ నొప్పిలో అసలు సమస్య వాపు కాదు. దానికి బలాన్నిచ్చే లోపలి కొల్లాజెన్ అనే ప్రోటీన్ పోగుల అమరిక చెదిరి, టెండన్ బరువు మోసే శక్తి తగ్గుతుంది. పైగా స్టెరాయిడ్ వల్ల టెండన్ బలహీనపడి తెగే ప్రమాదం కూడా ఉంది. 2009లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలోనూ స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లకు మొదట్లో బాగున్నా, ఆరు నెలలకు ఆ లాభం నిలవలేదు. బరువులతో నెమ్మదిగా వ్యాయామం చేసినవాళ్లకు మాత్రం నిలిచింది. నేనైతే స్టెరాయిడ్ మళ్లీ వేయించుకోను.

పీఆర్‌పీలో మన రక్తమే తీసి, మెషీన్‌లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని అల్ట్రాసౌండ్‌లో చూస్తూ టెండన్‌లోకి ఎక్కిస్తారు. సూది బాగానే నొప్పి పెడుతుంది. మొదటి కొద్ది రోజులు నాకు నొప్పి పెరిగి టెన్షన్ పడ్డాను. వాపు తగ్గించే మాత్రలు వేసుకోవద్దన్నారు కాబట్టి ఓర్చుకోవాల్సిందే. తర్వాత నెలల మీద మెల్లగా తేలికపడింది.

అయితే ఆ మెరుగుదల పీఆర్‌పీదే అని గట్టిగా చెప్పలేను. అదే సమయంలో ఫిజియోథెరపిస్ట్ దగ్గర లెగ్ ప్రెస్, స్క్వాట్లు బరువు పెంచుకుంటూ చేస్తున్నాను. 2019లో వచ్చిన ఒక ట్రయల్‌లో, వ్యాయామంతో పాటు ఒకసారి పీఆర్‌పీ ఇచ్చినవాళ్లకూ, ఉత్త సెలైన్ ఇచ్చినవాళ్లకూ ఫలితంలో తేడా కనిపించలేదు. అంత ఖరీదైన చికిత్సకు ఇది చిన్న విషయం కాదు. డాక్టర్లు ఈ మాట ముందే చెప్పాలని నా గట్టి అభిప్రాయం.

కనీసం మూడు నెలలు బరువులతో సరిగ్గా వ్యాయామం చేయకముందే ఎవరైనా ఇంజెక్షన్ అంటే, ఆగి ఇంకో డాక్టర్‌ని కలవండి. వ్యాయామం చేసేటప్పుడు కొద్దిగా నొప్పి ఉన్నా ఫర్వాలేదు, మర్నాటికి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే బరువు తగ్గించాలి. నేను ఇప్పటికీ ఆ కొలతతోనే చేస్తున్నాను. మెట్లు ఇబ్బంది లేకుండా దిగుతున్నాను, గెంతే ఆటలు మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.