షుగర్ ఉన్నవాళ్లతో థీమ్ పార్కుకి వెళ్తే: క్యూలు, నీడ, ఫస్ట్ ఎయిడ్ గది

మా పాపకి టైప్ 1, మా నాన్నగారికి టైప్ 2. ఇద్దరిదీ షుగరే అయినా పార్కులో ఇద్దరి అవసరాలూ వేరు. పాప తినే ప్రతిసారీ ఇన్సులిన్ వేసుకోవాలి. నాన్నగారు మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ మాత్రలు వాడతారు. ఈ సెలవుల్లో ఇద్దరినీ తీసుకుని ఒక పెద్ద థీమ్ పార్కుకి, ఆ మర్నాడు దాని పక్కనే ఉన్న వాటర్ పార్కుకి వెళ్లొచ్చాం. ఏ రైడ్ ఎలా ఉందో చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను గేటు దగ్గర సిబ్బంది, క్యూలు, నీడ, ఫస్ట్ ఎయిడ్ గది గురించి రాస్తున్నాను. మాలాంటి కుటుంబానికి ఆ రోజు హాయిగా గడుస్తుందా లేదా అన్నది వీటిమీదే ఆధారపడుతుంది.

బయటి తిండి లోపలికి రానివ్వం అని రెండు పార్కుల బోర్డులూ చెబుతాయి. కానీ షుగర్ ఉన్నవాళ్లకి గ్లూకోజ్ బిళ్లలు, జ్యూస్ ప్యాకెట్, బిస్కెట్లు మందులతో సమానం. ముందే ఈమెయిల్ పెట్టి అడిగాను, వైద్య కారణాలుంటే తెచ్చుకోవచ్చని జవాబు వచ్చింది. ఆ జవాబు, డాక్టర్ ఇచ్చిన ఉత్తరం చూపించగానే పెద్ద పార్కువాళ్లు మారుమాట లేకుండా పంపేశారు. వాటర్ పార్కు గేటులో మాత్రం జ్యూస్ ప్యాకెట్లు పక్కన పెట్టమన్నారు. సూపర్‌వైజర్ వచ్చేదాకా నేను కదల్లేదు. మీరూ కదలకండి. లోపల దుకాణాలు ఉన్నాయి కదా అంటారు. షుగర్ పడిపోతున్నప్పుడు దుకాణం ముందు వరుసలో నిలబడగలరా?

హోటల్ విషయంలో నేను చూసినది ఒక్కటే, గేటుకి నడిచి వెళ్లేంత దగ్గర ఉండాలి. మధ్యాహ్నం ఎండ ముదిరినప్పుడు నాన్నగారు గదికి వెళ్లి పడుకుని సాయంత్రం మళ్లీ వచ్చారు. బయటికి వెళ్లి తిరిగి రావచ్చో లేదో టికెట్ కొనేముందే కనుక్కోండి. గదిలోని చిన్న ఫ్రిజ్‌తో కొంచెం జాగ్రత్త. కొన్నిటిలో వెనక గోడకి ఆనించి పెట్టిన వస్తువులు గడ్డకట్టేస్తాయి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ మళ్లీ కరిగినా పనికిరాదు, పారేయాల్సిందే. మేం ఇన్సులిన్ పెన్నులు (ఇంజెక్షన్ వేసుకునే పెన్నులు) తలుపు అరలో పెట్టుకున్నాం.

ఇక క్యూలు. అసలు టెన్షన్ అంతా ఇక్కడే. రైడ్ దగ్గర గంట పడుతుందని బోర్డు ఉంటే, ఆ గంటలో తిండి వేళ దాటిపోతుందా అన్నది ముందు చూసుకోవాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని విడుదల చేయిస్తూనే ఉంటాయి, కాబట్టి భోజనం ఆలస్యమైతే షుగర్ పడిపోతుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవాళ్లకి ఈ భయం చాలా తక్కువ. పాప వేసుకునే ఇన్సులిన్ దాదాపు పావుగంటలో పని మొదలుపెడుతుంది. ఇంట్లో అయితే తినడానికి కాస్త ముందే వేస్తాం. పార్కు క్యాంటీన్‌లో ఆర్డర్ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు, కాబట్టి ప్లేటు ఎదురుగా వచ్చాకే వేశాం. ఆ పూట తిన్న తర్వాత షుగర్ కొంచెం పెరుగుతుంది. క్యూలో షుగర్ పడిపోవడం కన్నా అది నయం.

అంత జాగ్రత్తపడ్డా మొదటి రోజు ఒక పొడవాటి క్యూలో పాపకి చేతులు వణికాయి. ఒంటికి అంటించి ఉండే, ఎప్పటికప్పుడు షుగర్ చూపించే సెన్సర్ 74 చూపిస్తోంది. షుగర్ వేగంగా దిగుతున్నప్పుడు సెన్సర్ అంకె కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది, అందుకే వేలి నుంచి రక్తం తీసి చూశాం. 63. షుగర్ 70 కన్నా తగ్గితే 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని, 15 నిమిషాలు ఆగి, మళ్లీ చూడాలి. మా దగ్గరున్న బిళ్ల ఒక్కొక్కటి 4 గ్రాములు, నాలుగు నమిలింది. చాక్లెట్ ఇవ్వలేదు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి చేరడం ఆలస్యమవుతుంది. రైడ్ దగ్గరున్న అబ్బాయికి చెప్పగానే పాపని నీడలో కూర్చోబెట్టి, తేరుకున్నాక మళ్లీ క్యూలో నిలబడకుండా లోపలికి పంపాడు. ఆ పార్కు మీద నాకు గౌరవం కలిగింది అప్పుడే.

రోలర్ కోస్టర్ దిగాక దీనికి తలకిందులుగా జరిగింది, షుగర్ పైకి పోయింది. భయం, ఉత్సాహం వల్ల వచ్చే అడ్రినలిన్ కాలేయం నుంచి గ్లూకోజ్‌ని బయటికి తోస్తుంది. వెంటనే అదనపు ఇన్సులిన్ వేస్తే, ఆ ఊపు తగ్గాక, పైగా నడుస్తూ ఉంటాం కాబట్టి, షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది. మా డాక్టర్ ముందే చెప్పినట్టు ఆగి చూశాం, దానంతట అదే దిగింది. ఒంటికి తగిలించుకుని ఉండి, రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఎక్కించే పంపు వాడేవాళ్లకి ఒక మాట: కొన్ని రైడ్లలో బలమైన అయస్కాంతాలు ఉంటాయి, వాటికి పంపు తీసి ఎక్కాలి. తీసినదాన్ని ఎక్కువసేపు వదిలేయకూడదు. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ మాత్రమే, అది ఆగితే కొద్ది గంటల్లోనే ఒంట్లో ఇన్సులిన్ అయిపోయి షుగర్ పెరిగిపోతుంది.

వేడిలో ఇన్సులిన్ పాడవుతుంది. వాడుతున్న పెన్నుని 30 డిగ్రీల లోపు ఉంచమంటారు. ఎండలో ఉన్న లాకర్, ఆపి ఉంచిన కారు రెండూ పనికిరావు. నీళ్లలో తడిపితే చల్లబడే సంచిలో పెట్టుకున్నాం, ఐసు అక్కర్లేదు. ఐసు వాడేవాళ్లు పెన్ను దానికి నేరుగా తగలకుండా చూసుకోవాలి. పరీక్ష చేసేముందు చేతులు కడుక్కోవడం మరవొద్దు, వేలికి ఐస్‌క్రీం అంటి ఉంటే మీటర్ ఉన్నదానికన్నా ఎక్కువ షుగర్ చూపిస్తుంది. కూల్‌డ్రింక్ డైట్‌ది కావాలంటే మూత తీయని డబ్బానే అడగండి. గ్లాసులో పోసి ఇస్తే ఏదో తెలియదు.

పెద్ద పార్కు ఫస్ట్ ఎయిడ్ గదికి పూర్తి మార్కులు ఇస్తాను. నర్సు ఉంది, ఫ్రిజ్ ఉంది, వాడిన సూదులు వేసే డబ్బా ఉంది, ఇంజెక్షన్ వేసుకోవడానికి శుభ్రమైన చోటు ఉంది. వాటర్ పార్కులో ఆ గదికి తాళం వేసి ఉంది. తాళంచెవి కోసం ఒకరిని వెతకాల్సి వచ్చింది.

వాటర్ పార్కుతో ఇంకో ఇబ్బంది నేల. నాన్నగారికి పాదాల్లో స్పర్శ తక్కువ. కాలిన సిమెంటు మీద చెప్పుల్లేకుండా నడిస్తే బొబ్బలు వచ్చినా తెలియదు. నీళ్లలో వేసుకునే బూట్లు కొన్నాం, సాయంత్రం పాదాలు అరికాళ్లతో సహా చూశాం. పాప సెన్సర్ మీద అదనంగా టేపు వేశాం. ఎంత లోతులో, ఎంతసేపు ఉండొచ్చో ఒక్కో మోడల్‌కి ఒక్కో హద్దు ఉంటుంది, చదువుకుని వెళ్లాలి. నీళ్లలో ఆడే పిల్లలు నీరసాన్ని అలసట అనుకుంటారు, అందుకే గంటకోసారి బయటికి పిలిచి చూశాం.

రోజంతా నడిచిన రాత్రి నిద్రలో షుగర్ పడిపోవచ్చు, కండరాలు ఖర్చు చేసిన గ్లూకోజ్‌ని గంటల తరబడి తిరిగి నింపుకుంటాయి. పడుకునే ముందు చూసి, పాపకి కొంచెం తినిపించి, సెన్సర్ అలారం పెట్టాం. ఆ రాత్రి ఇన్సులిన్ తగ్గించాలా, ఎంత తగ్గించాలి అన్నది బయలుదేరేముందే మీ డాక్టర్‌ని అడిగి రాసుకోండి.

పెద్ద పార్కుకి మళ్లీ వెళ్తాం, ఆ హోటల్‌లోనే దిగుతాం. వాటర్ పార్కుకి వెళ్తే ఉదయం పూట మాత్రమే, అదీ ఫస్ట్ ఎయిడ్ గది తెరిచి ఉంటుందని ఫోన్ చేసి కనుక్కున్నాకే.