క్రాష్ గార్డు లైట్లు: రాళ్ళ నీడల కోసం కొన్నాను, రిలే దగ్గర దొరికిపోయాను

బైకు ముందు క్రాష్ గార్డుకి, అంటే బండి పడ్డా దెబ్బ తగలకుండా ఉండే ఇనుప కడ్డీకి, బిగించుకునే అదనపు లైట్ల సంగతి ఇది. ఎన్ని వాట్లు, ఎన్ని ల్యూమెన్లు (వెలుగు కొలత) అన్న లెక్క డబ్బా మీదే ఉంటుంది, దాని జోలికి పోను. ఆ ల్యూమెన్ల అంకెను మాత్రం పెద్దగా నమ్మకండి. నేను చెప్పేది ముఖ్యంగా నీడల సంగతి.

మాది రాజాం పక్కన పల్లె. పని గరివిడిలో, షిఫ్టు డ్యూటీ. బి షిఫ్టు దిగి రాత్రిపూట చీపురుపల్లి మీదుగా ఇంటికొస్తుంటే ఊళ్ళున్న చోట తప్ప దీపం ఉండదు. ఈ దారిలో లారీల కన్నా నాకు రాళ్ళంటే భయం. సంక్రాంతికి అటూ ఇటూ ధాన్యం, ఎండలు ముదిరాక మొక్కజొన్న, అన్నీ రోడ్డు మీదే ఆరబోస్తారు. తప్పు పట్టను, మా ఇంటి గింజలూ ఆ తారు మీద ఎండినవే. కానీ బళ్ళు ఎక్కకుండా చుట్టూ పేర్చిన రాళ్ళున్నాయే, గింజలు ఎత్తుకెళ్ళాక వాటిని తీసేవాడు ఉండడు. పిడికెడంత రాయి, తారు రంగులోనే ఉంటుంది. నా పల్సర్ 150 హెడ్‌లైటు 35 వాట్ల హాలోజన్. ఆ వెలుతురులో రాయి ఉందని తెలిసేసరికి ముందు చక్రం దాని మీదే ఉంటుంది.

ఎల్‌ఈడీ జతను క్రాష్ గార్డుకి బాగా కిందికి, మోకాలు దిగువన బిగించారు. మొదటి రాత్రే తేడా తెలిసిపోయింది. హెడ్‌లైటు మన కంటి ఎత్తుకి కాస్త దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ వెలుగులో పడే నీడ చాలావరకు రాయి చాటునే ఉండిపోతుంది. లైటు కిందికి దిగితే అదే రాయి వెనక నీడ జానెడు, ఒక్కోసారి మూరెడు సాగుతుంది. రాయి కంటపడకముందే ఆ నల్ల గీత కంటపడుతుంది, పక్కకి తప్పుకోవడానికి టైము దొరుకుతుంది. గేదెలూ అంతే. నల్ల గేదె ఒళ్ళు చీకట్లో కలిసిపోయినా, కిందనుంచి వచ్చే వెలుగుకి ముందు కాళ్ళు కదలడం తెలుస్తుంది.

షాపులో నాకు స్పాట్ రకం అంటగట్టాలని చూశారు. "అర కిలోమీటరు కొడుతుంది సార్" అని. అర కిలోమీటరు అవతల నాకేం పని? నా గొడవంతా ఎడమ పక్క మార్జిన్‌లో. వెలుగును వెడల్పుగా పరిచే రకమే తీసుకున్నాను. బిగింపుతో కలిపి మూడు వేలు దాటింది.

ఇంతవరకూ పెళ్ళివారి మాటలు. ఇక అసలు సంగతి.

కిందటి అక్టోబరులో ముసురు పట్టిన రాత్రి, చీపురుపల్లి దాటి కొంత దూరం వచ్చాక రెండు లైట్లూ ఒకేసారి ఆరిపోయాయి. వెంటనే వెలిగాయి, మళ్ళీ ఆరాయి, ఇక రాలేదు. బండి పక్కకి ఆపి ఫ్యూజు చూస్తే బాగానే ఉంది. స్విచ్ నొక్కితే సీటు కిందనుంచి టిక్కుమని చప్పుడు వస్తోంది. మళ్ళీ నొక్కితే మళ్ళీ టిక్కు. లైటు మాత్రం లేదు. వానకోటు మెడలోంచి నీళ్ళు దిగుతుంటే అంతకన్నా పరిశోధన సాగలేదు. ఉత్త హెడ్‌లైటుతో బయల్దేరాను. అప్పుడు తెలిసింది, ఏ కంపెనీవాడూ చెప్పని ముక్క: కళ్ళు ఆ వెలుతురుకి అలవాటు పడ్డాక పాత హెడ్‌లైటుతో నడపడం, లైట్లు కొనకముందు కన్నా కష్టం. ఏళ్ళ తరబడి అదే లైటుతో తిరిగిన దారిలో ఇరవై స్పీడు దాటలేకపోయాను.

తెల్లారి రాజాంలో ఆటోలకి వైరింగు చేసే ఆయన దగ్గరికి పట్టుకెళ్ళాను. స్విచ్ నొక్కితే లైట్లకి కరెంటు కలిపే చిన్న డబ్బా, రిలే, ఉండేది సీటు కిందే. సీటు విప్పగానే నవ్వాడు. "రిలే నోరు పైకెట్టినాడు బాబూ ఎవుడో. నీళ్ళు పైనుంచి కదా పడతాయి, గిన్నెలాగ నిండిపోద్ది" అన్నాడు.

సాకెట్ ఊడదీసి చూపించాడు. రిలేకి నాలుగు పిన్నులు. 85, 86 అన్న రెండూ స్విచ్ నుంచి వచ్చే చిన్న కరెంటుతో లోపలి కాయిల్‌ని పనిచేయిస్తాయి, టిక్కుమన్నది అదే. బ్యాటరీ కరెంటు 30లోంచి వచ్చి 87లోంచి లైట్లకి పోతుంది. ఆ 87 పిన్ను చుట్టూ పచ్చగా చిలుము. కాయిల్ లాగుతూనే ఉంది, కరెంటే దాటడం లేదు. చిలుము గీకి, కొత్త రిలే వేసి, పిన్నులు కిందికి ఉండేలా తిప్పి కట్టాడు. వైరుని రిలే కన్నా కిందికి ఒక వంపు దించి మళ్ళీ పైకి తెచ్చాడు, వైరు వెంట జారొచ్చే నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోవాలని. ఇంకో పని కూడా చేశాడు. కిట్టుతో వచ్చిన ఫ్యూజు 15 ఆంపియర్లది. రెండు లైట్లూ కలిపి 40 వాట్లు, అంటే 12 వోల్టుల మీద మూడు చిల్లర ఆంపియర్లు. "ఈ ఫ్యూజు కాలేలోపు వైరే కాలిపోద్ది" అని 5 ఆంపియర్లది వేశాడు. ఆ మాటకే నాకు ఎక్కువ చెమట పట్టింది.

మొదట బిగించిన షాపు విజయనగరంలోది, పేరెందుకులెండి. రిలే పెట్టడమైతే పెట్టారు, అది ఒప్పుకోవాలి. హెడ్‌లైటు వైరునే గీకి నేరుగా కలిపేసేవాళ్ళూ ఉన్నారు. అయినా ఉత్తరాంధ్రలో వాన పడదనుకున్నారా అని ఇప్పటికీ కోపమే.

రిలే మారాక ఒక వానాకాలపు తోక, ఒక చలికాలం గడిచాయి, మళ్ళీ ఆగలేదు. కానీ నీడల గురించి పైన అంత ఊదరగొట్టాను కదా, తడి తారు మీద ఆ మహిమ సగానికి సగం పోతుంది. వెలుగు నీటి మీద జారి ముందుకి పోతుంది, మన వైపు తిరిగొచ్చేది తక్కువ. నీళ్ళు నిండిన గొయ్యి చదునుగా కనిపిస్తుంది. పొడి రోడ్డు మీదేమో దీనికి తిరకాసు: తారు అతుకేసిన చోట చిన్న మెట్టుకి కూడా పెద్ద నీడ పడి, లేని గొయ్యికి కొత్తలో బ్రేకు వేశాను.

నావి పసుపు లైట్లు. పసుపైతే మంచుని చీలుస్తుందని షాపులో చెబుతారు. మంచు బిందువు కాంతి తరంగం కన్నా ఎన్నో రెట్లు పెద్దది, దానికి రంగుతో పెద్దగా పని లేదు. జనవరి మంచులో నాకు అక్కరకొచ్చింది లైటు కిందికి ఉండటం, వెలుగు పైకి లేవకపోవడం. కంటికి పసుపు హాయిగా ఉన్న మాట నిజమే, అంతవరకే. తొలకరికి ఉసుళ్ళు లేచిన సాయంత్రాల్లో ఏ రంగైనా ఒకటే, హెల్మెట్ అద్దం దించుకోవాల్సిందే.

ఎదుటివాళ్ళ సంగతి. కొత్తలో మా ఊరి టీకొట్టు దగ్గర "ఏటి గురూ, కళ్ళల్లో కొడతన్నావు" అని ఒకాయన బండి ఆపి మరీ తిట్టాడు. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది కూడా అదే అంటుంది: 8 మీటర్ల ముందు, 1.5 మీటర్ల ఎత్తులో ఉన్న కంటికి వెలుగు మిరుమిట్లు గొలపకూడదు. వెనక మనిషి కూర్చుంటే బండి ముందు భాగం లేస్తుంది, దాంతో లైటూ లేస్తుంది. అందుకని మా ఆవిడని వెనక ఎక్కించుకుని, గోడ ముందు లైట్లు సరిచేశాను. ఎదురుగా బండి వస్తే బొటనవేలితో ఆపేస్తాను. నట్లు అదురుకి వదులై లైటు మెల్లగా తల ఎత్తుతుంది, లోపల నైలాన్ రింగు ఉండే నైలాక్ నట్లు వేయించాక తగ్గింది, పూర్తిగా పోలేదు.

కొనొచ్చా అంటే, నాలాగా రాత్రిపూట పల్లె దారుల్లో తిరిగేవాళ్ళయితే కొనండి, రిలే ఎటు తిరిగి ఉందో సీటు ఎత్తించి చూసుకోండి. విజయనగరం టౌన్లో ఇంటికీ ఆఫీసుకీ తిరిగేవాళ్ళకి మూడు వేలు దండగ. హైవే మీద వేగంగా పోయేవాళ్ళకి నా వెడల్పు రకం చాలదేమో, నేను ఆ దారి పెద్దగా ఎక్కను. నాకు జనరల్ షిఫ్టు, అంటే పగటి డ్యూటీ, ఖాయమైతే వీటిని విప్పి మా బావమరిదికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. వాడు సీజన్లో సంకిలి చక్కెర ఫ్యాక్టరీ వైపు, వెనక లైట్లు లేని చెరకు ట్రాక్టర్ల మధ్య రాత్రిళ్ళు తిరుగుతాడు. బిగించడం మాత్రం రాజాం ఆయన చేతే.