లో విజన్ శిక్షణ: ఏడాది ఫెలోషిప్ మేలా, జిల్లాలో పనిచేస్తూ నేర్చుకోవడం మేలా?

నల్లగొండ, మిర్యాలగూడ, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఆసుపత్రుల్లో పనిచేస్తున్న యువ ఆప్టోమెట్రిస్టులు (చూపు పరీక్షించి అద్దాలు రాసేవారు) ఈ మధ్య నన్ను పదే పదే ఒకే ప్రశ్న అడుగుతున్నారు. లో విజన్‌లో, అంటే మామూలు అద్దాలతోనూ చికిత్సతోనూ పూర్తిగా సరికాని చూపు ఉన్నవారికి సాయపడే పనిలో, ప్రత్యేకత సాధించాలంటే ఉద్యోగం మానేసి పెద్ద కంటి ఆసుపత్రిలో ఏడాది ఫెలోషిప్ చేయాలా, లేక కొన్ని వారాల శిక్షణ తీసుకుని ఉన్న చోటికి తిరిగొచ్చి, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో రోగులను చూస్తూ నేర్చుకుంటే సరిపోతుందా? మా ఆసుపత్రి నుంచి ఒక అమ్మాయిని పంపాల్సి వచ్చినప్పుడు మేమూ ఈ రెండింటినీ తూచి చూశాం. చివరికి రెండో దారి వైపు మొగ్గాం. అందరికీ అదే తగుతుందని మాత్రం అనను.

ముందు ఫెలోషిప్ గురించి. హైదరాబాద్‌లోని ఎల్వీ ప్రసాద్, చెన్నైలోని శంకర నేత్రాలయ, మదురైలోని అరవింద్ లాంటి చోట్ల దొరికే అసలు లాభం రోగుల వైవిధ్యం. రెటినైటిస్ పిగ్మెంటోసా, స్టార్‌గార్ట్, ఆల్బినిజం, ముదిరిన గ్లకోమా, కళ్లు నిలకడగా నిలవని పసిపిల్లలు, ఇలా జిల్లా ఆసుపత్రికి ఏడాదంతా ఒకటీ అరగా వచ్చే రకరకాల కేసులు అక్కడ వారంలో కనిపిస్తాయి. ఈ తేడాలు తెలియనివాళ్లు లో విజన్ అంటే పెద్దగా చూపించడమే అనుకుంటారు. కంటి లోపలి తెర (రెటీనా) మధ్యభాగమైన మాక్యులా దెబ్బతిన్నవారికి అది నిజమే. రెటినైటిస్ పిగ్మెంటోసాలో చూపు క్షేత్రం 10 డిగ్రీలకు కుంచించుకుపోయిన మనిషికి అక్షరాన్ని నాలుగింతలు చేసి చూపిస్తే, ఆ చిన్న కిటికీలో పట్టేవి రెండు మూడు అక్షరాలే. మాట మొత్తం కనిపించదు. అతనికి కావలసింది మంచి వెలుతురు, కాంట్రాస్టు, చీకట్లో నడవడానికి శిక్షణ. ఈ సంగతి పుస్తకంలో ఉంటుంది. కానీ అలాంటి రోగులను వరుసగా చూసినవారికే అద్దాల పెట్టె వైపు చెయ్యి చాచే ముందు ఆగడం అలవాటవుతుంది.

మన ప్రాంతానికి ఇది దూరపు విషయం కాదు. 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో జరిగిన ఆంధ్రప్రదేశ్ ఐ డిసీజ్ స్టడీలో హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్‌తో పాటు మహబూబ్‌నగర్ కూడా ఉంది. పరీక్షించిన 10,293 మందిలో లో విజన్ సుమారు ఒక శాతం జనాభాలో ఉందని లెక్క తేలింది. కారణాల్లో మొదటి స్థానం రెటీనా జబ్బులది. మేనరికాలు ఇప్పటికీ జరిగే చోట వంశపారంపర్య రెటీనా జబ్బులు గుర్తుపట్టలేని ఆప్టోమెట్రిస్టు సగం పనివాడే. అందుకే ఫెలోషిప్‌ను తేలిగ్గా తీసేయలేను.

ఇంతకీ నా దృష్టిలో నిర్ణయాత్మకమైనది వేరే ఉంది. అది రెండో సందర్శన. మీరు అద్దం ఇచ్చి పంపిన మనిషి నెల తర్వాత మళ్లీ మీ ముందే కూర్చుంటాడా? ఏ శిక్షణ గురించి ఎవరు అడిగినా నేను మొదట చూసేది ఇదే.

కారణం చెబుతాను. సరిచేశాక కూడా చూపు 6/60 ఉన్న వ్యక్తికి, అంటే మామూలు వాళ్లకు 60 మీటర్ల దూరంలో కనిపించేది ఆరు మీటర్ల దగ్గరికి వస్తేనే కనిపించే వ్యక్తికి, మామూలు అచ్చు చదవడానికి మన మొదటి అంచనా 10 డయాప్టర్ల పవరున్న అద్దం. అంటే కాగితం కంటికి 10 సెంటీమీటర్ల దగ్గర ఉండాలి. జీవితమంతా పేపరును చేతులు చాచి పట్టుకుని చదివిన పెద్దమనిషి ఆ అద్దం పెట్టుకున్నా అలవాటు ప్రకారం దూరంగానే పట్టుకుంటాడు. అంతా అలికినట్టు కనిపించేసరికి 'ఇది పనిచేయదయ్యా' అని తీసి ఇచ్చేస్తాడు. తెలిసినవారు కాగితాన్ని ముందు ముక్కుకు తాకించి, అక్కడి నుంచి మెల్లగా వెనక్కి జరపమంటారు. అక్షరం తేటపడిన చోట ఆపిస్తారు. ఆసుపత్రిలో ఆయన చక్కగా చదువుతాడు. మీరు సంతోషంగా పంపిస్తారు. ఇంటికి వెళ్లాక దీపం వెనక నుంచి పడి తల నీడ కాగితం మీద పరుచుకుంటుంది. పక్కన తల్లి 'అలా ముఖానికి ఆనించుకుంటే ఉన్న చూపు కూడా పోతుంది నాయనా' అంటుంది. దగ్గరగా పెట్టుకుని చదివితే కళ్లు పాడు కావని ఆ తల్లికి ఎవరూ చెప్పలేదు. నాలుగో రోజుకు అద్దం బీరువాలోకి చేరుతుంది. ఇదంతా ఆయన తిరిగి వచ్చి చెబితేనే మీకు తెలుస్తుంది. ఆ చెప్పడంలోనే శిక్షణ ఉంది.

నగరంలోని పెద్ద ఆసుపత్రుల్లో ఫెలోకు ఈ అవకాశం తక్కువ. రోగి దూరం నుంచి వస్తాడు, పరీక్ష అవుతుంది, వెళ్లిపోతాడు. ఆరు నెలలకు మళ్లీ వస్తే అప్పటికి ఫెలో వేరే విభాగంలో ఉంటారు, లేదా చదువు ముగించుకుని వెళ్లిపోయి ఉంటారు. లోపం ఆసుపత్రిది కాదు, దూరానిది. దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో హైదరాబాద్ వెళ్లాలంటే తోడు మనిషి ఒకరి కూలి కూడా పోతుంది. అయితే పాలమూరు కూలీ కుటుంబాలు చాలావరకు ఏడాదిలో ఎక్కువ కాలం హైదరాబాద్‌లోనే ఉంటాయి. వాళ్లకు మాత్రం నగరమే దగ్గర. వాళ్లను జిల్లాలో చూడాలనుకునేవారు సంక్రాంతికో ఉగాదికో ఊరికి వచ్చే రోజులను చూసుకుని పిలవాలి.

జిల్లాలో నేర్చుకునేవి మరికొన్ని ఉన్నాయి. పుట్టపాక వైపు నుంచి వచ్చిన ఒక నేత కార్మికుడికి మాక్యులా జబ్బు. లెక్క ప్రకారం ఎనిమిది డయాప్టర్ల అద్దం పెడితే చార్టు మీద చిన్న అక్షరం కూడా చదివాడు. కానీ మగ్గం దగ్గర అది పనికిరాలేదు. తెగిన పోగును అతకడానికి అతను ముఖాన్ని పన్నెండు సెంటీమీటర్ల దగ్గరికి దించలేడు. దించితే చేతులు ఆడించే చోటు ఉండదు. చివరికి పవరు తగ్గించి, దూరం పెంచి, ముదురు రంగు పోగుల కింద తెల్లగుడ్డ పరిచి, మెరుగ్గా కనిపించే కన్ను వైపు నుంచి దీపం పెట్టించాక పని సాగింది. ఆ తెల్లగుడ్డ ఆలోచన మగ్గం చూసినవారికే వస్తుంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరోసిస్‌తో వెన్ను వంగి, మెడ తిరగక, మోచేతులు చాచలేని పెద్దలకు చేతిలో పట్టుకునే భూతద్దం ఇస్తే కాగితానికి, అద్దానికి మధ్య దూరం నిలవదు. వాళ్లకు కాగితం మీదే కూర్చునే స్టాండు భూతద్దం, ఏటవాలు చదువు బల్ల కావాలి. ఫ్లోరోసిస్, చూపు లోపం రెండూ ఒకే మనిషిలో కలిసి రావడం ఈ ప్రాంతంలో పనిచేసేవారికే బాగా తెలుసు.

పునరావాసం అనే మాటలో అద్దాలది ఒక భాగమే. పెద్ద సంస్థల్లో అదే ఆవరణలో పునరావాస విభాగం ఉంటుంది. ఫెలో ఒక చీటీ రాసి పంపిస్తే చాలు. జిల్లాలో ఆ చీటీ ఎవరికి రాయాలో మీరే వెతుక్కోవాలి. సదరం శిబిరంలో తేల్చే వైకల్యం 40 శాతం ఉంటేనే సర్టిఫికెట్‌తో లబ్ధి దొరుకుతుంది. కానీ ఆ శిబిరం దగ్గర శాతం తేలడంతోనే పని ముగిసిపోతుంది. ఆ వ్యక్తికి చదవడానికి ఏం ఇవ్వాలో అక్కడ ఎవరూ అడగరు. బడి పిల్లలైతే మండలంలోని భవిత కేంద్రంలో ఉండే ప్రత్యేక విద్య ఉపాధ్యాయులు ఉపయోగపడతారు. పిల్లవాడు మొదటి బెంచీలో కూర్చోవాలా, బల్ల ఎంత ఏటవాలుగా ఉండాలి, పరీక్షకు అదనపు సమయం కోసం ఏ కాగితం కావాలి అన్నవి వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. ఉపకరణాలకు కేంద్రం 1981 నుంచి నడుపుతున్న అడిప్ పథకం ఉంది. ఇవన్నీ ఫోను నంబర్ల రూపంలో మీ దగ్గర ఉండాలి. జిల్లాలో పనిచేస్తూ నేర్చుకున్నవారి దగ్గర ఉంటాయి.

ఇక ఈ దారిలోని ప్రమాదం కూడా చెప్పాలి, అది చిన్నది కాదు. శిక్షణ పొంది తిరిగొచ్చిన వ్యక్తిని మామూలు ఓపీలోనే కూర్చోబెడితే ఆరు నెలల్లో అంతా మరిచిపోతారు. ఇక్కడి ఒక ఆసుపత్రి అలాగే చేసింది. చక్కగా నేర్చుకుని వచ్చిన యువకుడిని కళ్లద్దాల పవరు చూసే గదిలో పెట్టింది, తెచ్చిన ఉపకరణాల పెట్టె అలమారాలో ఉండిపోయింది. లెక్క అర్థమవుతుంది. లో విజన్ పరీక్ష గంట పడుతుంది, ఆ గంటలో పది పదిహేను మందికి పవరు చూడవచ్చు. యాజమాన్యానికి ఈ గంట నష్టంలా కనిపిస్తుంది. కంటి వెలుగు రెండో విడత 2023 జనవరి 18న ఖమ్మంలో మొదలైనప్పుడు ఊరూరా జనం బారులు తీరారు, అద్దాలు అందాయి. ఆ వేగం పవరు దోషాలకు సరిపోతుంది. అద్దాలతో సరికాని చూపు ఉన్నవారికి ఆ వేగమే అడ్డు.

అందుకే పంపే ముందే ఆసుపత్రితో మాట తీసుకోవాలి. వారంలో ఒక పూట పూర్తిగా లో విజన్‌కే. దూరం, దగ్గర చూపు కొలిచే లాగ్‌మార్ చార్టులు, తెలుగు అక్షరాల చదువు కార్డు, కాంట్రాస్టు చార్టు, రకరకాల పవర్లలో భూతద్దాలు, ప్రిజం ఉన్న సగం కళ్లద్దాలు, నాలుగింతల టెలిస్కోపు, రంగు ఫిల్టర్లు, వంగే మెడ ఉన్న దీపం. పంక్తి తప్పకుండా చదవడానికి టైపోస్కోపు కొననక్కర్లేదు, నల్ల అట్టలో సన్నని కిటికీ కోస్తే చాలు. వీటన్నిటికంటే ముఖ్యం, నెలనెలా కేసులను వినే ఒక అనుభవజ్ఞులు. పర్యవేక్షకులు దొరకకపోతే నేనే ఫెలోషిప్‌కు వెళ్లమంటాను.

చిన్న పిల్లలతో పనిచేయాలనుకునేవారూ ఫెలోషిప్పే ఎంచుకోవాలి. మాట రాని పసివాడి చూపు కొలవడం వారాల్లో వచ్చే విద్య కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అంధుల పాఠశాలలను పరిశీలించినప్పుడు అద్దాలతోనో భూతద్దాలతోనో చదవగలిగే పిల్లలు బ్రెయిలీ దగ్గరే కూర్చుని కనిపించారు. అలాంటి పిల్లలను గుర్తించే చేతికి ఏడాది సాధన అవసరమే. ఫెలోషిప్‌లో ఇచ్చే భృతి సాధారణంగా జీతం కంటే తక్కువ, ఇంటి బాధ్యతలు ఉన్నవారు అదీ చూసుకోవాలి.

మాస్టర్స్ సంగతి అడిగేవారికి: కళాశాలలో పాఠాలు చెప్పాలన్నా, పరిశోధన చేయాలన్నా రెండేళ్ల ఎంఆప్టమ్ చేయండి. జిల్లాలో రోగులను చూడటానికి అది తప్పనిసరి కాదు. ఆన్‌లైన్ కోర్సులు పాఠం తిరగేయడానికి మంచివి, అంతకు మించి ఆశించవద్దు.

మా ఆసుపత్రి అమ్మాయి సంక్రాంతి తర్వాత శిక్షణకు వెళుతోంది. తిరిగి రాగానే ప్రతి బుధవారం ఉదయం ఆమె గది లో విజన్‌కే అని యాజమాన్యం రాసి ఇచ్చింది. సదరం శిబిరానికి వచ్చి మా దగ్గర పేరు రాయించుకున్న వారికి ఇప్పటినుంచే బుధవారాలు కేటాయిస్తున్నాం. ఒక్కొక్కరికి రెండు తేదీలు ఇస్తున్నాం, మొదటిది పరీక్షకు, రెండోది నెల తర్వాత.