ఫ్రెంచ్ హారన్ సోలోకి ఎఫ్ వైపా, బీ ఫ్లాట్ వైపా?

ఫ్రెంచ్ హారన్ అనే ఊదే ఇత్తడి వాద్యంలో ఒక రకం డబుల్ హారన్. అందులో నిజానికి రెండు హారన్లుంటాయి, ఒకటి ఎఫ్ స్వరానిది, ఒకటి బీ ఫ్లాట్ స్వరానిది. బొటనవేలి వాల్వ్ వదిలితే సుమారు 12 అడుగుల ఎఫ్ గొట్టం, నొక్కితే 9 అడుగుల బీ ఫ్లాట్ గొట్టం (కొన్ని హారన్లలో ఇది తలకిందులు). స్వరలిపి అయిదు గీతల్లో కింది నుంచి రెండో గీత మీది జీ వరకు ఎఫ్, జీ షార్ప్ నుంచి బీ ఫ్లాట్ అని మొదట నేర్పే లెక్క. సాధనకి సరే గాని, సోలోకి అది చాలదు.

గీతల మధ్య మూడో గడిలోని సీ తీసుకోండి. ఎఫ్ వైపు అది 8వ హార్మోనిక్ (ఒకే గొట్టం పెదవి బిగువుతో పలికే స్వరాల వరసలో ఎనిమిదోది), పక్కవి సుమారు రెండు సెమిటోన్ల (సెమిటోన్ అంటే పక్కపక్క స్వరాల మధ్య అతి చిన్న ఎడం) దూరంలోనే కాచుక్కూర్చుంటాయి, తప్పు స్వరంలోకి జారడం తేలిక. బీ ఫ్లాట్ వైపు అదే సీ 6వది, ఎడం దాదాపు మూడు సెమిటోన్లు. పై సీకి చేరేసరికి ఎఫ్‌లో ఎడం ఒక్క సెమిటోనే. అక్కడ ఎఫ్‌తో పంతానికి పోవడం దండగ. జర్మన్ స్వరకర్త రిచర్డ్ స్ట్రాస్ తండ్రి, పేరున్న హారన్ వాద్యకారుడు ఫ్రాంజ్ స్ట్రాస్ అంతటివాడే బీ ఫ్లాట్ హారన్ వాయించాడు. వియన్నా ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా వాళ్లు మాత్రం ఇప్పటికీ ఎఫ్ హారన్ వదల్లేదు, ఆ నాదం కోసమే.

చైకోవ్‌స్కీ 5వ సింఫనీ (1888) రెండో భాగంలోని సోలో మెత్తగా, సాగదీసి పాడాలి. మధ్య స్థాయి స్వరాలు ఎఫ్‌లో ఉంచి, పైకెక్కేచోట బీ ఫ్లాట్‌కి మారడమే మేలు. చిక్కల్లా ఆ మారేచోటే. వేలు కదలగానే పెదవి కూడా కదులుతుంది, స్వరం కుదుపు తింటుంది. అది పోవాలంటే ఇందాకటి మూడో గడి సీని ఒకే ఊపిరిలో పట్టుకుని, బొటనవేలు మాత్రం ఎనిమిదిసార్లు నొక్కి వదలండి. శ్రుతి చూపే ట్యూనర్ ముల్లు 5 సెంట్లకి (సెంట్ అంటే సెమిటోన్‌లో నూరోవంతు) మించి ఊగితే ముందు స్లయిడ్లు (శ్రుతి సరిచేసే జారుడు గొట్టాలు) చూడండి: వాల్వ్ నొక్కి మెయిన్ స్లయిడ్‌తో బీ ఫ్లాట్, తర్వాత ఎఫ్ స్లయిడ్‌తో ఎఫ్. అవి సరిగానే ఉంటే తప్పు పెదవిది. మౌత్‌పీస్ మూడింట రెండు వంతులు పై పెదవి మీద ఉన్నా, బరువు కింది పెదవి మోయాలి. పై పెదవిని అదిమితే అది మొద్దుబారి నాదం సన్నబడుతుంది.

చెన్నైలో ఇంకో తంటా. బయట 34 డిగ్రీలు, కోడంబాకం స్టూడియోలో 22. డిగ్రీకి 3 సెంట్ల చొప్పున శ్రుతి దిగుతుంది, ఊపిరితో వేడెక్కాక మళ్లీ ఎక్కుతుంది. చల్లబడ్డ గొట్టంలో ఊపిరి తడి త్వరగా నీరవుతుంది. ఎఫ్ వైపు గొట్టం పొడవు కాబట్టి అక్కడ నీరు ఎక్కువ. సోలోకి నాలుగు బార్ల (తాళపు గడుల) ముందే ఎఫ్ స్లయిడ్ తీసి అందులోని నీరు వంపేయండి, లేకపోతే ఆ మెత్తని స్వరంలో గుళగుళ వినిపిస్తుంది.