నెల్లూరులో ఫ్లాటు కొనబోయేవారికి హెచ్చరిక: తనఖాలో ఉన్న ఫ్లాట్లను చూపించి బయానా తీసుకుంటున్నారు

నెల్లూరు మినీబైపాస్‌కు ఇరువైపులా పెరిగిన కాలనీలలో ఫ్లాటు కొనే ఆలోచనలో ఉన్నవారు బయానా ఇచ్చే ముందు ఇది చదవవలసిందిగా కోరుతున్నాను. ఒక బిల్డరు నగరపాలక సంస్థకు తనఖా పెట్టిన ఫ్లాటును, ఆ సంగతి దాచి, మాకు అమ్మజూపి, ధరలో మూడో వంతుకు పైగా సొమ్ము తీసుకుని ఇప్పుడు పూర్తిగా తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తున్నారు. ఫిర్యాదు నడుస్తున్నందున పేరు గాని, వీధి గాని రాయడం లేదు. జరిగిన తీరు మాత్రం వివరంగా చెబుతాను.

ఆ వీధిలో ఏ లోపమూ లేదు. పెద్ద రోడ్డు చప్పుడు అక్కడిదాకా రాదు, పిల్లలు సాయంత్రం వీధిలోనే సైకిళ్లు తొక్కుకుంటారు, కూరగాయల బండి గుమ్మం ముందుకే వస్తుంది. ఆత్మకూరు, ఉదయగిరి, కావలి వైపుల నుంచి పిల్లల చదువుల కోసం వచ్చి ఇక్కడ స్థిరపడే కుటుంబాలు ఇటువంటి చోటునే కోరుకుంటాయని అమ్మేవారికి బాగా తెలుసు. మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్లిన మధ్యవర్తి ఫ్లాటు కంటే వీధినే ఎక్కువసేపు చూపించాడు. దోమల మాట ఆయన ఎత్తలేదు, నెల్లూరులో అది వేరుగా అడగవలసిన ప్రశ్నా కాదు. కట్టుబడి కూడా బాగానే ఉందని న్యాయంగా ఒప్పుకోవాలి. చిక్కంతా కాగితాలలో ఉంది.

ఆంధ్రప్రదేశ్ భవన నిర్మాణ నిబంధనలు, 2017 ప్రకారం అపార్టుమెంటు కట్టే యజమాని, ఆమోదించిన ప్లానును మీరనని హామీగా, కట్టడ విస్తీర్ణంలో పదో వంతు దాకా అనుమతి ఇచ్చే సంస్థకు తనఖా రాసి ఇవ్వాలి. సాధారణంగా ఇది కింది అంతస్తులలోని ఒకటి రెండు ఫ్లాట్ల రూపంలో ఉంటుంది. నిర్మాణం ప్లాను ప్రకారమే పూర్తయిందని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చిన తరువాతే ఆ తనఖా విడుదలవుతుంది. మేము చూసిన భవనంలో రెండు పక్కలా వదలవలసిన ఖాళీ స్థలంలోకి బాల్కనీలను పెంచారు, డాబాపైన ప్లానులో లేని గదులు వేశారు. అందువల్ల సర్టిఫికెట్ రాలేదు, తనఖా విడుదల కాలేదు, ఆ తనఖాలోని ఫ్లాటే మాకు చూపించినది.

మరి ఈసీలో, అంటే ఆస్తిపై రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్‌లో, కనబడలేదా అని మీరు అడగవచ్చు. మాకు ఇచ్చిన ఈసీ అసలైనదే, దానిలో దిద్దుబాటు ఏదీ లేదు. అది 1983 నుంచి మొదలై, స్థలాన్ని బిల్డరు తీసుకున్న నెలతో ముగిసింది. తనఖా దస్తావేజు రిజిస్టరైనది ఆ తరువాత, ప్లాను అనుమతి సమయంలో. మొదలు ఎంత పాతదో చూపించి, చివరి తేదీపై దృష్టి పడకుండా చేసే ఈ ఉపాయం ఎంత సులువైనదో, అంత ప్రమాదకరమైనది. సర్వే నంబరు 22-ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన ఆస్తుల జాబితాలో, లేదని కూడా ఒక కాగితం జతచేశారు. ఆ జాబితా ప్రధానంగా ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములకు సంబంధించినది. అందులో నంబరు లేనంత మాత్రాన ఫ్లాటుపై తనఖా లేదని అర్థం కాదు.

విషయం బయటపెట్టినది మేము రుణం అడిగిన బ్యాంకు తరఫు న్యాయవాది. ఆయన తాజా ఈసీ తీయించి, ప్లాను అనుమతి ఉత్తర్వు పూర్తి ప్రతిని అడిగారు. బిల్డరు అందరికీ చూపించేది రంగుల నక్షా ఒక్కటే. ఉత్తర్వులో మాత్రం ఏ అంతస్తులో ఎంత భాగం తనఖాలో ఉన్నదీ, దస్తావేజు నంబరుతో సహా రాసి ఉంది. రుణం నిలిచిపోయింది. బిల్డరును అడిగితే, అందరూ ఇలాగే కొంటారని, పై అంతస్తులలో ఇప్పటికే కాపురాలు ఉన్నాయని, ప్రభుత్వం ఎప్పటికప్పుడు క్రమబద్ధీకరణ పథకం తెస్తూనే ఉంటుందని, అప్పటిదాకా మిగిలిన సొమ్ము నగదుగా చెల్లించి గృహప్రవేశం చేసుకోవచ్చని సమాధానం వచ్చింది. రిజిస్ట్రేషన్ ఎప్పుడని అడిగిన ప్రతిసారీ మంచి ముహూర్తాలు లేవనడం మరొక సమాధానం. పైనున్న కాపురాల సంగతి విచారిస్తే, కొందరు ఇప్పటికీ నిర్మాణ సమయంలో తీసుకున్న తాత్కాలిక మీటరు మీదనే కరెంటు వాడుకుంటున్నారని తెలిసింది.

ఇక్కడ రెరా చట్టం, 2016, అంటే స్థిరాస్తి ప్రాజెక్టుల నియంత్రణ చట్టం సంగతి చెప్పాలి. ఆ చట్టం 13వ సెక్షన్ ప్రకారం, అమ్మకపు ఒప్పందాన్ని ముందుగా రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. మాకు రాసి ఇచ్చినది స్టాంపు కాగితం మీద సంతకాల ఒప్పందం మాత్రమే. ఆ సెక్షన్‌ను గుర్తుచేసినప్పుడు, తమ ప్రాజెక్టు రెరా కిందికే రాదన్నారు. స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిది మించకపోయినా చట్టం మినహాయింపు ఇస్తుందన్న మాట నిజమే. అయితే ఒకే ప్రహరీ, ఒకే గేటు, ఒకే బోరు ఉన్న సముదాయాన్ని రెండు బ్లాకులుగా విడదీసి, వేర్వేరు అనుమతులు తీసుకుని, రెండింటినీ చిన్నవిగా చూపించడం ఆ మినహాయింపు ఉద్దేశం కాదని మా వాదన. అన్ని దశలనూ కలిపే లెక్కించాలని చట్టంలోనే ఉంది. ఒప్పందంలో రద్దు ఖర్చుల పేరుతో రాసుకున్న షరతును చూపించి కొంత సొమ్ము మినహాయిస్తామంటున్నారు. తనఖా సంగతి దాచినవారికి ఆ హక్కు ఎలా వస్తుందో వారే చెప్పాలి.

అదే ఒప్పందంలో మరొక రెండు సంగతులు కనబడ్డాయి. స్థలంలో మన అవిభాజ్య వాటాను అంకణాలలో మాత్రమే రాశారు. నెల్లూరులో అంకణం అంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36; కాబట్టి వాటాను చదరపు గజాలలో కూడా రాయించుకోకపోతే తరువాత తగాదాకు తావుంటుంది. రెండవది, కింద స్తంభాల మధ్యనున్న కారు స్థలానికి విడిగా ధర కట్టారు. 2010లో ముంబయికి సంబంధించిన ఒక కేసులో సుప్రీంకోర్టు అటువంటి స్థలం అందరి ఉమ్మడి సదుపాయమని, బిల్డరు దానిని ఫ్లాటులా విడిగా అమ్ముకోవడం కుదరదని చెప్పింది.

అందువల్ల బయానా ఇచ్చే రోజు తేదీ వరకు ఈసీని మీరే తీయించండి, బిల్డరు ఇచ్చిన దానితో ఆగవద్దు. నక్షాతో పాటు అనుమతి ఉత్తర్వు ప్రతి పుటనూ అడగండి. ఇవ్వడానికి వెనకాడితే అక్కడితో మాట ఆపడం మంచిది. రుణం అవసరం లేనివారు కూడా బ్యాంకు న్యాయవాది వంటివారికి రుసుము చెల్లించి అభిప్రాయం తీసుకోవాలి, ఎందుకంటే నగదుతో కొనేవారికే ఈ ఫ్లాట్లను ముందుగా చూపిస్తున్నారు. మేము వదులుకున్న ఫ్లాటును మళ్లీ అమ్మకానికి పెట్టారని, ఈసారి చుట్టుపక్కల ధర కంటే తక్కువకు, రిజిస్ట్రేషన్ తరువాతెప్పుడో చేస్తామనే షరతుతో చూపిస్తున్నారని తెలిసింది. ప్రశాంతమైన వీధిలో, కింది అంతస్తులో, ఆ షరతుతో ఫ్లాటు చవకగా వస్తోందని ఎవరైనా మీకు చెబితే, ముందుగా తనఖా విడుదల దస్తావేజు చూపించమని అడగండి.